నల్లమల దాటని తుఫాను

కొందరు క్రికెట్ చూస్తారు, కొందరు పావురాలు పెంచుతారు. నేను బంగాళాఖాతం చూస్తాను. మా ఆళ్లగడ్డకు సముద్రం కనబడదు, వినబడదు. చేపలు కూడా ఐసు మీద పడుకొని వస్తాయి. అయినా కార్తీకం వస్తే చాలు, నంద్యాలలో నేను పనిచేసే జిరాక్సు కొట్టులో ఒక పక్క మిషను తిరుగుతుంటుంది, ఇంకో పక్క నా ఫోనులో మేఘాలు తిరుగుతుంటాయి.

ఇందులో సుఖం తక్కువ. అల్పపీడనం పుడుతుంది, వాయుగుండమవుతుంది, పేరు పెట్టించుకొని తుఫానవుతుంది. అది తీరం దాటేది యూరప్ వాతావరణం లెక్క నెల్లూరంటుంది, అమెరికా లెక్క ఒంగోలంటుంది. తెల్లారేసరికి రెండూ రాజీపడి ఒడిశా అంటాయి. మీ ఇంటికే వస్తున్నామని చెప్పి, పక్క వీధిలో భోంచేసి వెళ్లిపోయే బంధువుల వరస.

ఇన్నేళ్లూ అది నా ఒక్కడి బాధ. పోయిన చలికాలం నాయన కూడా అందులో చేరాడు.

దొర్నిపాడు దారిలో మా నల్లరేగడి చేనుంది. అందులో శనగ వేశాడు. శనగ మంచుకే పండుతుందంటారు గానీ, ముందు భూమిలో తడి ఉండాలి. విత్తిన తర్వాత చుక్క పడలేదు. మొక్క జానెడు కాకముందే ఆకు పండుబారింది. చేలో బోరు లేదు. ఒక్క వాన పడితే పంట, పడకపోతే గొర్రెల మేత.

అంతవరకు నా ఫోను వైపు చూసి "అది కూడేమన్నా పెడుతుందా" అన్న మనిషి, పొద్దున్నే టీగ్లాసు పట్టుకొని నా మంచం పక్కన నిలబడడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, యాడికొచ్చింది?"

"చెన్నై కాడ ఉండాది నాయనా. కదల్లేదు."

"కదలకుండా ఏం చేస్తాండాది?"

"బలపడతాండాదంట."

"మేమీడ ఎండిపోతాండామని చెప్పు దానికి."

మా వీధి చివర ఇటుక బట్టీ నడిపే భాయ్‌ది ఇంకో గోల. పచ్చి ఇటుకలు ఆరబెట్టుకొని ఉన్నాడు. వాన తగిలితే అవి మళ్లీ మట్టే.

"నీ తుఫానుకు వేరే ఊరు చూపియప్పా," అన్నాడు టీ అంగడి దగ్గర.

"నా చేతిలో ఏముంది భాయ్?"

"మరి పొద్దస్తమానం వేలితో దాన్నే తిప్పుతాంటివి గదా."

చివరికి ఒకసారి రెండు లెక్కలూ ఒక్క మాట మీదికొచ్చాయి. ఒంగోలు దగ్గర తీరం దాటి, నల్లమల ఎక్కి, మా మీదికే. నాయనకు చెప్పాను. ఆ సాయంత్రమే పార తీసుకొని చేనికి పోయి, గట్టుకున్న గండ్లన్నీ పూడ్చాడు, ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా. ఇంకా రాని చుట్టం వెళ్లిపోకుండా గడియ పెట్టినట్టుందని నాకనిపించింది. భాయ్ ఇటుకల మీద పట్టలు కప్పాడు.

తీరం దాటగానే తుఫాను వాయుగుండమైంది, వాయుగుండం అల్పపీడనమైంది. ఉద్యోగం ఊడినవాడిలా మెట్టు మెట్టూ దిగి, నల్లమల అవతలే కూలబడింది. మాకు తుంపర పంపింది.

"పట్టల మీది దుమ్ము పోయింది," అన్నాడు భాయ్.

నాయనా నేనూ చేనికి పోయాం. నాయన గొంతుక్కూర్చొని మట్టిలోకి వేలు దింపాడు. గోరు మునిగేంత తడి. దాని కింద బూడిదలాంటి పొడి.

"గట్లు మాత్రం బాగుండాయి నాయనా," అన్నాను.

నాయన వేలు పంచెకు తుడుచుకొని, "ఇంగొకటేమన్నా పుట్టిందా?" అన్నాడు.

ఫోను తీశాను. చెన్నై నుంచి అండమాన్ దాకా శుభ్రంగా కడిగినట్టుంది సముద్రం.

"చూస్తాండా నాయనా," అన్నాను.

ఆ నెలంతా చూస్తూనే ఉన్నాను. ఏదీ పుట్టలేదు. చివరికి నాయనే పోయి గొర్రెల మందను పిలుచుకొచ్చాడు. పూడ్చిన గట్లు అలాగే ఉన్నాయి, గొర్రెలు వాటి మీదుగా దిగాయి.

మరుసటి పొద్దున కూడా టీగ్లాసు నా మంచం దగ్గరికొచ్చింది.

"ఏమప్పా, ఏమన్నా ఉందా సముద్రంలో?"

"ఇంగ మనకెందుకు నాయనా?"

"మనకు కాదు. భాయ్ పట్టలు తీసేసినాడు. చెప్పల్ల గదా."