మాస్టారి కారులో హీటరు

ఇవాళ పొద్దున నేనొక తప్పు చేశాను. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే, సబ్బుతో కడిగినా వదలని కూలెంట్, అదే ఇంజనును చల్లబరిచే ద్రవం వాసన చేతుల నుంచి తియ్యగా ముక్కుకు తగిలింది. దాంతోపాటే డాక్టర్ కామేశ్వరమ్మ గారు గుర్తొచ్చారు.

చిలకలూరిపేట శివార్లలో నాకు చిన్న కార్ల షెడ్డు ఉంది. రిటైరైన వెంకటరత్నం మాస్టారు తన తండ్రి నాటి కారును నిన్న నా దగ్గర వదిలి, "హీటరు వేస్తే చల్లగాలి వస్తోందయ్యా, కాస్త చూడు" అన్నారు. ఇంజను నుంచి హీటరుకు వేడినీళ్లు తీసుకెళ్లే గొట్టం ఒకటి, వాటిని తిరిగి తెచ్చేది ఒకటి ఉంటాయి. ఇవాళ పొద్దున్నే ఆ రెండూ ఊడదీసి, హీటరుతో పని లేకుండా ఒకదానికొకటి కలిపేశాను. ఈ ఎండల ప్రాంతంలో మెకానిక్కులం అందరం చేసే పనే అది. కాసేపటికి మాస్టారు వస్తే, "మన ఊళ్లో హీటరెందుకండీ, దేవుడే పెట్టాడుగా పైన" అన్నాను. ఆయన నవ్వి తాళాలు తీసుకుని వెళ్లిపోయారు.

భోజనం వేళకు ఆయన భార్య ఫోన్ చేశారు. "బాబూ, హీటరు బాగైందా? ఈయన్నడిగితే అవునూ అనరు, కాదూ అనరు. రేపు తెల్లారగట్ట నన్ను గుంటూరు డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. మంచుకి అద్దం మసకేసిపోతంది, దారి కనపట్టంలేదు."

సాయంత్రం ఇంటికొస్తానని మాత్రం అన్నాను.

షెడ్డు పెట్టకముందు నేను పర్చూరు దగ్గర కామేశ్వరమ్మ గారి కారు నడిపేవాణ్ని. కారు ఆగాక ఆసుపత్రి వరండాలో కూర్చుని, వచ్చినవాళ్లకు ఉచిత సలహాలు ఇస్తుండేవాణ్ని. మిరప కోతల రోజుల్లో ఒకామె దగ్గుకుంటూ వచ్చింది. "ఘాటు పట్టిందండీ, ముక్కుకి గుడ్డ కట్టుకోమనండి" అని నేనే తేల్చేశాను.

"ఏరా సుబ్బారావ్, ఎప్పుడు చదివావురా డాక్టరీ?" అని, కామేశ్వరమ్మ గారు ఆమె వైపు తిరిగారు. "ఎప్పుడొస్తుందమ్మా దగ్గు?"

"పడుకుంటే అండీ. లేచి కూకుంటే తగ్గుద్ది."

"కోతలో ఉన్నప్పుడో?"

"అప్పుడేం ఉండదండీ."

పడుకుంటే వచ్చే దగ్గు గుండె వల్ల కావచ్చని, ఆమెను ఆ రోజే గుంటూరులో గుండె డాక్టరు దగ్గరికి పంపించారు. సాయంత్రం ఇంటికి వస్తుంటే కారులో నాతో అన్నారు: "ఈ ఊళ్లో దగ్గితే మిరపకాయ, కళ్లు తిరిగితే ఎండ. పేరొకటి పెట్టేసుకుని కూర్చుంటాం. మనిషిని అడగం."

ఆవిడ తన కారును కూడా అలాగే చూసేవారు. ఒక చలికాలం తెల్లవారుజామున కాన్పు కోసం పక్క ఊరికి వెళ్తున్నాం. పత్తి చేల మీద మంచు దట్టంగా ఉంది. అద్దం లోపల మసకబారితే, నేను తల కిటికీలోంచి బయటపెట్టి నడుపుతున్నాను. ఆపమన్నారు.

"హీటరు పోయిందండీ, కొత్తది వెయ్యాలి" అన్నాను.

"నీకు తెలిసింది చెప్పు. అనుకున్నది తర్వాత చెబుదువుగాని."

ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం చల్లగా ఉంది. నాకు తెలిసింది అంతే. బానెట్ ఎత్తి రెండు గొట్టాలూ పట్టుకుని చూడమన్నారు. హీటరుకు వెళ్లేది కాలుతోంది, తిరిగొచ్చేది చల్లగా ఉంది.

"అంటే?"

"నీళ్లు లోపల ఎక్కడో ఆగిపోతున్నాయండీ."

"మరి పోయిందంటావేం?"

అద్దం తన చీర చెంగుతో తుడుస్తూ, పక్కన కూర్చుని నెమ్మదిగా దారి చెప్పారు. కాన్పు అయింది, బిడ్డ ఏడ్చింది. మర్నాడు నేను హీటరులోకి ఎదురు నీళ్లు కొట్టి కడిగితే, తుప్పు ఎర్రటి బురదలా బయటికొచ్చింది. కొత్తది కొనాల్సిన పని లేకపోయింది. నేను షెడ్డు పెట్టుకుంటానన్నప్పుడు ఆవిడ సంతోషించారు. "చేతికి పని వచ్చురా నీకు. నోరే ముందు పరిగెత్తుద్ది" అన్నారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నా నోరు ఇంకా ముందే పరిగెత్తుతోంది. మాస్టారిని నేను అడగవలసింది ఒక్క మాట: హీటరు ఎందుకు కావాలండీ అని. అడగలేదు, పైగా ఎగతాళి చేశాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, వాకిట్లోనే కారు బానెట్ ఎత్తాను. మాస్టారు మొహమాటపడ్డారు. "పోనీలేవయ్యా, కిటికీ దింపుకుని పోతాంలే."

"అడక్కుండా ఊడదీసింది నేనండీ. నన్ను చెయ్యనివ్వండి."

గొట్టాలు మళ్లీ హీటరుకు తగిలించి ఇంజను వేసి చూశాను. ఒకటి కాలుతోంది, రెండోది చల్లగా ఉంది. హీటరును రెండు వైపుల నుంచీ కడిగాను. మొదట మురికి వచ్చింది, తర్వాత తేట నీళ్లు వచ్చాయి. కూలెంట్ నింపి, ఇంజను వేడెక్కేదాకా ఆగి, ఫ్యాను వేశాను. వెచ్చటి గాలి తగిలింది. కానీ సాయంత్రం పూట మంచు ఎక్కడుంది, అద్దం తేరుకుంటుందో లేదో చూడటానికి? మాస్టారి భార్య వచ్చి ముందు సీట్లో కూర్చుని, అద్దం దగ్గరగా వంగి గట్టిగా ఊపిరి వదిలారు. అద్దం మసకేసింది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. మసక అంచుల నుంచి కరుగుతూ వచ్చి, ఎదురింటి గోడ స్పష్టంగా కనిపించింది.

"ఇంకేమన్నా ఇబ్బందుందా అమ్మా, ఈ కారుతో?" అని అడిగాను.

ఆవిడ భర్త వైపు చూసి చెప్పారు. "వచ్చేప్పుడు నీరసంగా ఉంటది బాబూ. ఈ సీటు వెనక్కి వాలదు. గుంటూరు నుంచి ఇంటిదాకా నిటారుగా కూర్చోవాల్సిందే."

నేను ఇంజను ఆపి, సీటు కింద చూడటానికి వంగాను.