ఖాళీ కారు బరువు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. లారీ ఆగిపోతే ముందు నిమ్మకాయ కట్టి, ఆ తర్వాత నా కోసం మనిషిని పంపేవాళ్ళని చెడామడా తిట్టేవాణ్ణి. డీజిలు గొట్టంలో చెత్త అడ్డం పడితే నిమ్మకాయ ఏం చేస్తుంది? అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో మాట. తోటపల్లి గూడూరు దగ్గర మా ఊరు. ఇంటి వెనక తాటాకు పందిరే నా మెకానిక్కు షెడ్డు. మా ఊరి పెద్ద ఆసామి సుబ్బరామయ్య గారు మద్రాసులో ఒక పాత అమెరికా కారు కొన్నారు. దానికి క్లచ్ లేదు. ఉన్నవి రెండే గేర్లు. వేగం అందుకోగానే చిన్న గేరు నుంచి పెద్ద గేరుకు దానంతటదే మారాలి. మా చుట్టుపక్కల అలాంటి బండిని ముట్టుకున్న మెకానిక్కు లేడు.

ఒకరోజు ఆయనే కారు తెచ్చి పందిట్లో పెట్టారు.

"ఏందో అబ్బయా, చిన్న గేరులోనే మూలగతా ఉండాది. నెల్లూరు పొయ్యేటప్పుడే ఈ రోగం. వచ్చేటప్పుడు బాగానే వస్తాది" అన్నారు.

బండికి దిక్కులు కూడా తెలుస్తాయా అని నవ్వాను.

అప్పుడు మా అక్క రమణమ్మ కాన్పుకు మా ఇంట్లోనే ఉంది. నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, తను కూడా చచ్చి బతికింది. ఈసారి కష్టమైతే నెల్లూరు ఆసుపత్రికి తన కారులోనే తీసుకుపోవచ్చని ఆసామి మాటిచ్చారు. కాబట్టి ఆ గేరు బాగుపడడం ఆయనకంటే నాకే ఎక్కువ అవసరం.

యాక్సిలరేటరు నుంచి గేరుబాక్సుకు ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. అది బిగుసుకుంటే గేరు ఆలస్యంగా మారుతుంది. మా ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంది. తీసి, రుద్ది, గ్రీజు పెట్టి, కొలత సరిచేసి, నెల్లూరు దారిన తోలాను. కారులో నేనొక్కణ్ణే.

గేరు మారలేదు. ఎడ్లు మెరక ఎక్కినట్టు ఇంజను రొప్పుతోంది. దిగి చూశాను. బండి వెనక భాగం కిందికి దిగి ఉంది. వెనక చక్రాలు ఇసుకలో లోతుగా కోసుకుంటూ వచ్చాయి. డిక్కీ తెరిస్తే స్పేరు చక్రం తప్ప ఏమీ లేదు. రెండు మైళ్ళ తర్వాత, సరుగుడు తోట పక్కన తూము దాటగానే, ఒక్క కుదుపుతో గేరు మారింది. తిరిగొచ్చేటప్పుడు ఏ లోపమూ లేదు.

రెండో రోజు బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు జాకీ మీద లేపి తిప్పాను. హాయిగా తిరిగాయి. స్ప్రింగులు బాగున్నాయి. మళ్ళీ అదే తూము, అదే కుదుపు. మూడో రోజూ అంతే. ఎవరికీ చెప్పలేదు. నా చేతకానితనం బయటపడుతుందని భయం.

ఆ సాయంత్రం మా బడి అయ్యవారు కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పారు. ఇందులో గేరుబాక్సు నూనె ఎంతుందో ఇంజను నడుస్తుండగా చూడాలట. నేను లారీకి చూసినట్టు ఆపి చూశాను. సరిగ్గా చూస్తే నూనె తక్కువగా ఉంది. తప్పు దొరికిందని ప్రాణం లేచొచ్చింది. నూనె పోసి, పొలాల వైపు బాటలో అటూ ఇటూ తిప్పాను. గేరు వెన్నలా మారింది. "అయిపోయిందండీ" అని ఆసామికి చెప్పేశాను.

తూము దాకా మాత్రం పోలేదు. నిజం చెప్పాలంటే పోబుద్ధి కాలేదు.

మర్నాడు తెల్లవారాక అక్కకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగుంది. అక్కకు మాత్రం రక్తం ఆగలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. బిడ్డను అమ్మ చేతిలో పెట్టి, అక్కను వెనక సీట్లో పడుకోబెట్టాం. బావ ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఊరు దాటామో లేదో కారు చిన్న గేరులో ఇరుక్కుపోయింది. యాక్సిలరేటరు నేలకు తొక్కినా మూలుగే. ఇంజను వేడెక్కిపోతోంది. ఆపి ఎద్దుబండి కట్టించుకునే వ్యవధి లేదు.

"పోనియ్యబ్బా, బిన్నా పోనియ్యి" అని బావ తొందరపెడుతూ మొత్తుకుంటున్నాడు. అక్క ఒకసారి మంచినీళ్ళు అడిగింది.

తూము దాటాం. కుదుపు. గేరు మారింది. కారు ఒక్కసారిగా తేలికై పరుగందుకుంది. బతికించుకున్నాం అనుకున్నాను.

"ఇంక ఆపబ్బా" అన్నాడు బావ.

ప్రాణం లేని అక్కను తీసుకుని వెనక్కి వస్తుంటే కారు ఖాళీ బండిలా వచ్చింది. ఆ తర్వాత ఆసామి దాన్ని చాలా ఏళ్ళు నడిపారు. ఆ లోపం మళ్ళీ రాలేదు. ఒకసారి నేనే గేరుబాక్సు మొత్తం విప్పి చూశాను. అరిగింది లేదు, విరిగింది లేదు. నూనె తక్కువైతే గేరు మారకపోవచ్చు, ఒప్పుకుంటాను. మరి నూనె పోశాక మళ్ళీ ఎందుకు ఇరుక్కుంది? ఖాళీ బండి వెనక ఎందుకు కుంగింది? ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ బిడ్డను నేనే పెంచాను. వాళ్ళమ్మ ఎలా పోయిందో చెప్పాను గానీ కారు సంగతి చెప్పలేదు. చెబితే, మూడు రోజుల ముందే తెలిసీ అమ్మను అందులోనే ఎందుకు ఎక్కించావు మామా అని అడుగుతుంది.