కొసరుకు వచ్చిన కన్వర్టరు

బేరంలో నాకు రెండు భాషలు. అరవంలో మొదలుపెడతాను. ధర కదలనని మొరాయించినప్పుడు తెలుగులోకి దిగుతాను. కోయంబత్తూరులో అంగడి పెట్టుకున్న మనవాళ్ళకు ఇంటి మాట చెవిన పడితే మనసు కొంచెం మెత్తబడుతుంది. ఆ మెత్తబడిన చోట వేలు పెట్టడం నాకు చిన్నప్పుడే అబ్బిన విద్య. మా పెద్దలు వందల ఏళ్ళుగా ఈ భాషను ఎందుకు కాపాడుకుంటూ వచ్చారో పండితులు ఏమైనా చెప్పుకోనీ, నేనైతే తగ్గింపు కోసమేననుకుంటాను.

నాన్నకు కినత్తుకడవులో వెచ్చాల అంగడి ఉండేది. నూనె కొలిచి పోశాక పైన ఇంకో చుక్క, పప్పు తూచాక పైన ఇంకో పిడికెడు. ఆ కొసరు పడందే ఎవరూ మెట్టు దిగేవాళ్ళు కాదు. గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగాను గనక ఇచ్చేవాడి ఏడుపూ, పుచ్చుకునేవాడి ఆనందమూ రెండూ చూశాను. పెద్దయ్యాక ఎటువైపు ఉండాలో అప్పుడే తేల్చుకున్నాను.

నా భార్యది మదురై దాటాక వచ్చే నల్లరేగడి పక్క. పత్తి పండించి, కొనేవాడు చెప్పిన ధరకే ఇచ్చేసి, ఇంటికొచ్చి వాన గురించి మాట్లాడుకునే జనం వాళ్ళు. తను తిరుప్పూరు బనియన్ల కంపెనీ ఒకదానికి ఇంటినుంచే ప్రకటన వీడియోలు చేస్తుంది. లాప్‌టాప్ చిన్న తెరమీద పొద్దస్తమానం కొత్త బనియన్లు వేసుకున్న మనుషులు నడుస్తూ, గిర్రున తిరుగుతూ ఉంటారు. సాయంత్రానికి తిరిగేది ఈమె తల. అందుకని సెకనుకు నూటనలభై నాలుగు సార్లు బొమ్మ మారే పెద్ద మానిటర్ కావాలంది. మామూలువి అరవై సార్లే మారుస్తాయట, నడిచే మనిషి నలిగినట్టు కనబడతాడట.

"నేనే పోయి కొంటా," అంది.

ఇంట్లోకి చీపురు రావాలన్నా నా చేతుల మీదుగా రావలసిందే. "నువ్వు పోతే వాడు మానిటర్‌తో పాటు ఆ అంగడిని కూడా నీకే అంటగడతాడు," అన్నాను.

"సరి, నువ్వే పో బావా. అయితే ఇదిదా కడసారి. లాప్‌టాప్‌కు దేంతో తగిలించాలో ఆ అంగడాయన్నే అడిగి, ఆయన చెప్పిందే కొను. ఈసారి చెడగొట్టినావంటే ఇకమీద అన్నీ నేనే కొంటా. నువ్వు సంచీ పట్టుకొని వెనకాల రా."

మా తెలుగులో మాట చివర అరవం 'దా' తగిలిందంటే ఆ మాట ఖాయమని అర్థం. అయినా నవ్వేసి బండి తీశాను.

అంగడాయన నాకంటే చిన్నవాడు, గట్టివాడు. అరవంలో చాలాసేపు కుస్తీ పట్టాక ఇక లాభం లేదని తెలుగు తీశాను.

"ఏమప్పా, మనోళ్ళకే ఇట్లా చెప్తే ఎట్లా?"

"అయ్యో, తెలుగోళ్ళా అన్నా? ముందే చెప్పకూడదా?"

"చెప్పుంటే ముందే తగ్గించి ఉందువా?"

"లేదన్నా, ముందే ఎక్కించి చెప్పుందును."

అయినా తగ్గించాడు. అప్పుడు లాప్‌టాప్ ఫొటో చూపించాను. వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"దీంట్లో సి పోర్టుదా ఉండాది. సి నుంచి మానిటర్ డిస్‌ప్లే పోర్టుకు నేరుగా పోయే వైరు ఒకటి తీసుకోండన్నా. నూటనలభై నాలుగూ వస్తాది."

వైరు ధర చెప్పాడు. మూరెడు వైరుకు ఆ ధర చెప్పడానికి గుండె ఉండాలి. నా చూపు అతని వెనక మేకుకు వేలాడుతున్న చిన్న తెల్ల వస్తువు మీద పడింది.

"అదేంది?"

"సి నుంచి హెచ్‌డిఎంఐకి మార్చే కన్వర్టరు. పాత రకం. బొమ్మ వస్తాది గానీ..."

"వస్తాది గదా? అది కొసరుగా వేసెయ్. వైరు వద్దు."

"అన్నా, అది..."

"ఇంత పెద్ద వస్తువు కొన్నవాడికి కొసరు లేదా?"

అతను నన్నొకసారి చూసి, దాన్ని తీసి సంచీలో వేశాడు. ఆ ముఖం నాకు తెలిసిన ముఖమే. పురుగు పట్టిన పప్పునే కొసరుగా వెయ్యమని ఎవరైనా పట్టుబడితే, నాన్న ముఖం సరిగ్గా అంత ప్రశాంతంగా ఉండేది. గెలిచిన ఊపులో ఉన్నాను, అది తట్టలేదు.

ఇంటికొచ్చి, డబ్బాలో వచ్చిన హెచ్‌డిఎంఐ వైరును కన్వర్టరుకు, కన్వర్టరును లాప్‌టాప్‌కు గుచ్చాను. బొమ్మ వచ్చింది. నాన్న కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి నిలబడ్డారు. మౌసు అటూ ఇటూ తిప్పి చూపించాను.

"అబ్బా, ఏమి స్పీడురా!" అన్నారు. "కొసరేమిచ్చినాడు?"

కన్వర్టరును చూపిస్తే అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, కొడుకు చేతికందినందుకు తృప్తిపడ్డారు.

నా భార్య వంటింట్లోంచి వచ్చి కూర్చుని సెట్టింగ్స్ తెరిచింది. "బావా, ఇందులో అరవైకి పైన లేనే లేదే!"

"కంటికి బాగానే ఉండాది గదా?"

"ఎవరి కంటికి?"

"నాన్న కంటికి."

నాన్నకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆమె ఆ జోలికి పోకుండా, "అంగడాయన ఏమి కొనమన్యాడు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. "మరి ఇదెట్లా వచ్చింది?" అదీ చెప్పాను. "పోయి మార్చుకొని రా," అంది.

ఎట్లా మార్చుకుని వస్తాను? కొన్నదాన్ని తిరిగి ఇవ్వొచ్చు, కొసరును ఇవ్వకూడదు. కొసరు బాగాలేదని అంగడికి తిరిగొచ్చిన మనిషి నాన్న అనుభవంలో ఒక్కడే. అతని కథ చెప్పి ఇప్పటికీ చుట్టాల పెళ్ళిళ్ళలో పంక్తి మొత్తాన్నీ నవ్విస్తారు. ఆ రెండోవాణ్ణి నేను కాదలచుకోలేదు. పోనీ వెళ్ళి, వద్దన్న నోటితోనే వైరు అడిగి పూర్తి ధర ఇద్దామంటే, అంతకంటే శుక్లాలు తెచ్చుకోవడం మేలనిపించింది.

రెండుమూడు రోజులు సొంత వైద్యం చేశాను. లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాను. వైరు ఈ కొస ఆ కొసకు మార్చాను. కన్వర్టరును ఊది గుచ్చాను. అరవై అరవైగానే ఉంది. బనియన్ల మనుషులు నలుగుతూనే నడిచారు. ఆమె నుదుటికి అమృతాంజనం పట్టించుకుని పని చేసుకుంది. ఆ వాసన ఇల్లంతా తిరిగి నన్నే వెతుక్కుంటూ వచ్చేది.

ఒక సాయంత్రం సంచీ తెచ్చి నా చేతికిచ్చింది. "పద," అంది.

అంగట్లో ఆమె ఆ వైరు అడిగింది, అతను ధర చెప్పాడు, ఆమె ఇచ్చేసింది. నూలు మిల్లు ఒకటి చేతులు మారడానికి పట్టేంత సమయం నేను ఒక సబ్బు మీద వెచ్చించగలను. వీళ్ళిద్దరూ నేను ఫ్యానుకేసి చూసి తల దించేలోగా ముగించేశారు. అతను సొరుగులోంచి మెత్తటి గుడ్డ తీసి వైరు మీద పెట్టాడు.

"తెర తుడుచుకోడానికి అక్కా. ఇది సుమ్మాదా, దుడ్డేమీ వద్దు."

నేను నోరు తెరిచాను. ఆమె వైరూ గుడ్డా సంచీలో పడేసింది. మూసుకున్నాను.

ఇంట్లో గుచ్చగానే నూటనలభై నాలుగు కనబడింది. బనియన్ మనిషి నలగకుండా నడిచాడు. తేడా నాకు కూడా తెలిసింది, తెలియలేదన్నాను.

నాన్న, "నాకు మొన్నటిదే బాగుండాది," అన్నారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు. "ఎంత తగ్గించినాడు అమ్మణీ?"

"అడగలేదు మామా."

చావు కబురు విన్నట్టు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "కొసరు?"

ఆమె గుడ్డ చూపించింది.

"అడక్కుండానే?"

"అడక్కుండానేదా."

నాన్న ఆ గుడ్డతో కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, నన్ను ఎగాదిగా చూశారు. "ఒరే, ఇకమీద అమ్మణినే పోనీరా అంగడికి."

ఇప్పుడు ఆదివారం సంతలో ఆమె ముందు, సంచీతో నేను వెనక. మొన్న వంకాయలకు అడిగినంతా ఇచ్చేస్తుంటే ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాను. వంకాయలామె తనంతట తానే గుప్పెడు కరివేపాకు తీసి సంచీలో వేసింది.

"కొత్తిమీర?" అన్నాను.

నా భార్య వెనక్కి తిరిగింది.

కరివేపాకు చాలన్నాను.