సాయిలు నిలబడ్డ చోటు

దయ్యం కథలు చెప్పే పిల్లల్ని బెంచీ ఎక్కించే రకం నేను. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్‌ని. మా బడి వెనక బాత్రూముల దగ్గర ఎవరో ఏడుస్తున్నారని ఏటా ఒక బ్యాచ్ పుకారు లేపుతుంది. ఏటా నేనే వాళ్ళను వెంటబెట్టుకుని పోయి, ఆ ఏడ్చేది తుప్పుపట్టిన తలుపు అని చూపించి వస్తాను. కాబట్టి ఇది చదివి, ఈవిడకు ముందునుంచీ ఇలాంటి పిచ్చి ఉన్నట్టుంది అనుకోకండి. లేదు. ఇప్పటికీ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

ముందు మా అవ్వ గురించి చెప్పాలి. మా వైపు అమ్మనే అవ్వ అంటాం. బాపు పోయాక ఆమె నా దగ్గరే ఉంటోంది. నాకంటే ముందు ఆమెకు ఒక కొడుకు. పేరు సాయిలు. బడిలో వేసే ఈడు రాకముందే జ్వరం వచ్చి పోయాడు. అప్పట్లో మావాళ్ళు రుద్రూర్ దగ్గర చెరుకు వేసేవాళ్ళు. చెరుకు కొట్టుడు అయినాక బోధన్ పోయి అందరం ఫోటో దిగుదామని బాపు అన్నాడట. కొట్టుడు అయ్యేసరికి వాడు లేడు. నేను ఆ తర్వాత పుట్టాను.

మా ఇంట్లో గోడమీద పోయినవాళ్ళందరి ఫోటోలూ ఉన్నాయి. తాత, నాయనమ్మ, బాపు. పెత్రమాస నాడు, అంటే పెద్దల పేరున బియ్యం ఇచ్చే అమావాస్య నాడు, అవ్వ ఒక్కో ఫోటో తుడిచి కుంకుమ బొట్టు పెడుతుంది. అందరికీ పెట్టాక వేలికి ఇంకొంచెం కుంకుమ మిగులుతుంది. సాయిలుకు పెట్టాలంటే ఫోటో లేదు. ఆ వేలిని గోడకే రాసి వంటింట్లోకి పోతుంది. నా చిన్నప్పటినుంచీ అంతే.

నేను బొమ్మలు నేర్చుకున్నదే దీని వల్ల. నాకు పలక మీద గీత సరిగ్గా రాని వయసులోనే "అన్నను గియ్యి బిడ్డా" అని కూర్చోబెట్టేది. ముక్కు కొంచెం సప్పిడి, కండ్లు పెద్దగ, నొసలు మీదికి జుట్టు పడతది అని చెబుతూ ఉండేది. నేను గీసేదాన్ని. తీరా చూపిస్తే, అన్నిసార్లూ ఒకటే మాట.

"మంచిగున్నది. కని వీడు గాదు."

పెద్దయ్యాక నాకు కోపం కూడా వచ్చేది. చూడని మనిషిని ఎన్నిసార్లు గీయాలి చెప్పండి! అయినా పెత్రమాస దగ్గరకొస్తే మళ్ళీ పెన్సిల్ పట్టుకునేదాన్ని.

ఈ ఏడు మాత్రం వేరేగా జరిగింది. ముక్కు చెప్పింది, కండ్ల దగ్గర ఆగిపోయింది. చాలాసేపు కిటికీ వైపు చూసి, "వాని మొఖం పోతున్నది బిడ్డా. మొన్నటిదాంక ఉండె" అంది. ఆ మొహం ఉన్న చోటు ప్రపంచం మొత్తంలో మా అవ్వ తల ఒక్కటే. అదీ చెరిగిపోతే సాయిలు అనేవాడు పుట్టనట్టే.

సరిగ్గా అప్పుడే బొమ్మలేసే మొయిజ్ సార్ వస్తున్నారని తెలిసింది. ఆయన బోధన్ మనిషి. తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. సార్ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటారు. పసుపు మార్కెట్‌లో బస్తాల మీద కూర్చున్న ఆడవాళ్ళను నీటిరంగుల్లో ఆయన వేసినట్టు ఎవరూ వేయలేరని నా నమ్మకం. నా క్లాసులో ఆయన బొమ్మ ఒకటి అట్టకు అంటించి పెట్టుకున్నాను. ఆయనే బోధన్‌లో ఒక రోజు వర్క్‌షాప్ పెడుతున్నారు, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మ వేయడం నేర్పుతారు అని వాట్సాప్‌లో వచ్చింది. పెత్రమాసకు ముందొచ్చే ఆదివారం. వెంటనే పేరు ఇచ్చేశాను. మొహం పట్టుకోవడం ఆయన దగ్గరైనా వస్తుందేమోనని ఆశ.

ఆ ఆదివారం పొద్దున బయల్దేరుతూ అవ్వకు చెప్తే, "నేను గూడ వస్త" అని చెప్పులేసుకుంది. "నీతోని అయితలేదు గని, మీ సారునే అడుగుత."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎంత చెప్పినా వినలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వరి మధ్యలో ఎక్కడ చెరుకు కనిపించినా నన్ను మోచేత్తో పొడిచి చూపిస్తూ వచ్చింది.

వర్క్‌షాప్ ఒక బడి హాల్లో. గోడకు కింది సగం ముదురు నీలం, పై సగం తెల్లసున్నం. ఆ నీలం గోడ ముందు ఒక కుర్చీ వేశారు. కుర్చీ ఖాళీగానే ఉంది. చెరుకు కొట్టే ఒకామెను కూర్చోబెడతామని నిర్వాహకులు చెప్పారు గానీ, కొట్టేవాళ్ళు మహారాష్ట్ర వైపు నుంచి దసరా దాటాక గానీ రారు. ఆ సంగతే మర్చిపోయారు.

"చెరుకు ఇంక నిలవడే ఉన్నది, కొట్టేటోళ్ళు ఏడికెల్లి వస్తరు భాయ్?" అని సార్ నవ్వారు. అలా నవ్వుతూనే వరండాలో కూర్చున్న మా అవ్వను చూశారు.

నన్ను వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చారు. "అమ్మా, జర వచ్చి ఆ కుర్చీల కూసుంటవా? మేమందరం నిన్ను గీసుకుంటం."

"కూసుంట. కని నా కొడుకును గీసియ్యాలె నువ్వు."

"ఏడున్నడమ్మా?"

"లేడు. శిన్నప్పుడే పోయిండు."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చూడని పిల్లవాణ్ణి ఎలా గీస్తానమ్మా అన్నారు. నేను చెప్తా కదా అంది అవ్వ. చివరికి, "సరే అమ్మా. నాతోని అయినంత చేస్త" అన్నారు. ఈ మాటలు విన్నది మేం ముగ్గురమే. మిగతావాళ్ళు లోపల కాగితాలు అట్టలకు అంటించుకుంటున్నారు. ఇది గుర్తుపెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు సార్ ఒక్కటే పాఠం చెప్పారు. నీటిరంగుల్లో తెలుపు ఉండదు, తెలుపంటే కాగితమే. ఎక్కడ తెలుపు కావాలో అక్కడ రంగు పోకుండా చూసుకోవాలి, ఒకసారి రంగు తాకిందంటే మళ్ళీ రాదు.

అందరం అవ్వకు ఎదురుగా అర్ధచంద్రంలా కూర్చున్నాం. సార్ కూడా ఒక మూలన కూర్చుని వేయడం మొదలుపెట్టారు. అయిపోయాక చూపిస్తానని అట్ట తనవైపే తిప్పుకున్నారు. ఆయన కాగితం మాకెవరికీ కనిపించలేదు.

అవ్వ ముదురు ఆకుపచ్చ చీరలో కదలకుండా కూర్చుంది. కుడిచేయి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమచేయి మాత్రం ఒంటికి కాస్త ఎడంగా ఉంచింది. భుజం నొప్పి కాబోలు అనుకున్నాను.

నా సంగతి చెప్పాలంటే, బ్రష్ పట్టుకున్నాక నాకు ఇంకేదీ కనిపించలేదు. ఇన్నేళ్ళలో మా అవ్వను నేను ఎప్పుడూ గీయలేదని అప్పుడే తట్టింది. కమ్మల బరువుకు సాగిన చెవులు, గడ్డం కింద ముడతలు, నవ్వబోయి ఆగినట్టుండే పెదాలు. ఇంత మనిషిని ఇంట్లో పెట్టుకుని, లేని మనిషి కోసం కాగితాలు ఖరాబు చేశాను కదా అని ఏడుపొచ్చింది.

వానాకాలం చెమ్మకు రంగులు తొందరగా ఆరలేదు. అందరి అట్టలూ వరుసగా గోడకు ఆనించి పెట్టమన్నారు సార్. పెట్టి వెనక్కి జరిగాం.

నా పక్కన కూర్చున్న రజిత అనే కాలేజీ అమ్మాయి, "అయ్యో, అందరియ్యి గట్లనే ఉన్నయేంది?" అంది.

అన్ని బొమ్మల్లోనూ అవ్వ ఎడమ మోకాలి పక్కన రంగు లేదు. గోడ నీలం అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. మిగిలిన తెలుపు పైన గుండ్రంగా, అవ్వ రొమ్ముల ఎత్తున ఉంది. ఆమె వైపు కొంచెం వాలి, కిందికి పోయేకొద్దీ సన్నబడి నేలను తాకింది. లోపల పెన్సిల్ గీత కూడా లేదు.

అవ్వకు ఎడమవైపు కూర్చున్నవాళ్ళ బొమ్మల్లో ఆ తెలుపు ఆమె మోకాలిని కొంత కప్పింది. కుడివైపు కూర్చున్నవాళ్ళ బొమ్మల్లో మోకాలే ఆ తెలుపును కప్పింది. అక్కడ నిజంగా ఎవరైనా నిలబడితే ఎలా కనిపిస్తారో అలాగే. బొమ్మలు నేర్పే మనిషిని కాబట్టి నాకు అన్నిటికంటే ఇదే మింగుడుపడలేదు.

రజితను అడిగితే, "నాకు తెల్వది మేడం. చెయ్యి ఆడికి పోయి ఆగింది" అంది. రిటైరైన ఒక బ్యాంకు పెద్దమనిషి, అది కిటికీ వెలుతురు పడిన చోటు అన్నాడు. కిటికీ అటువైపు లేనే లేదు. ఎవరో ఫోన్‌లో తీసిన ఫోటో చూశాం. అవ్వ, కుర్చీ, నీలం గోడ. అంతే.

సార్ తన అట్ట ఇటు తిప్పారు. ఆయన బొమ్మలోనూ ఉంది. అందరి కంటే స్పష్టంగా ఉంది. తిప్పి, అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డారు.

ఈలోగా అవ్వ లేచి వచ్చింది. ఏమైపోతుందోనని ఆమె భుజం పట్టుకున్నాను. నా చేయి తీసేసి, వంగి సార్ బొమ్మ చూసింది. వేలితో ఆ తెలుపు అడుగున చూపించింది.

"గిదేంది సారూ, ఒక్క కాలే ఉన్నది?"

"నేను కాలు గియ్యలేదమ్మా. అక్కడ ఏం గియ్యలే."

అవ్వ నవ్వింది. నిజంగానే, పమిట నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

"మా కొంగ! ఒంటికాలు మీదనే నిలవడేటోడు సారూ. నా తొడ మీద మోచెయ్యి పెట్టి, ఇంకో కాలు ఎనకకు మలిసి. కొంగ, కొంగ అని పిలుస్తుంటి. నేనే మరిసిన సూడు!"

ఈ సంగతి నాకు తెలియదు. అన్నేళ్ళు నన్ను కూర్చోబెట్టి చెప్పిందంతా మొహం గురించే. నాకే తెలియంది ఆ హాల్లో ఇంకెవరికి తెలుస్తుంది?

సార్ లేచి బ్రష్ తీసుకున్నారు. "మాట ఇచ్చిన గదమ్మా. మొఖం ఎట్లుంటదో చెప్పు, గీస్త" అన్నారు.

"వద్దు సారూ, ముట్టకు. వాన్ని గిట్లనే ఉండనీ."

ఆయన ఆ బొమ్మను ఆరబెట్టి, పాత పేపర్లో చుట్టి అవ్వ చేతికే ఇచ్చారు.

ఒక్క సంగతి మిగిలింది. అన్ని బొమ్మల్లోనూ అన్నాను గానీ, నా దాంట్లో ఆ తెలుపు లేదు. గోడ నీలం అవ్వ మోకాలిదాకా నిండుగా పూసేశాను. బస్సులో వస్తున్నంతసేపూ ఇదే ఆలోచించాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీ కనిపించినవాడు సొంత చెల్లెలికి కనిపించడా?

పెత్రమాస నాడు పొద్దున్నే బాపు ఫోటో పక్కన సార్ ఇచ్చిన బొమ్మకు మేకు కొట్టాను. అవ్వ తాతకు, నాయనమ్మకు, బాపుకు బొట్టు పెట్టింది. తర్వాత వేలు ఎత్తి, ఎక్కడ పెట్టాలా అని వెతకనైనా వెతకకుండా ఆ తెలుపు మీద ఒకచోట ఆనించింది. ఆ ఎర్రటి చుక్క చూశాక అది నుదురు కాదని ఎవరూ అనలేరు. కొంచెంసేపు అలాగే నిలబడి, "ఇగ అన్నను గియ్యకు బిడ్డా" అంది.

అప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. నాకెందుకు కనబడలేదవ్వా అని.

"నువ్వు నన్ను సూస్తున్నవ్ గద" అంది. "గిన్నేండ్లకు ఒక్కపారి నన్ను గీస్తున్నవ్. మధ్యల వాడెందుకు అడ్డమొస్తడు?"

తర్వాత సార్‌కి ఫోన్ చేశాను. గోడకు నీలం కలుపుకుని సిద్ధంగానే పెట్టుకున్నానని, చేయి ఎందుకు ఆగిందో తనకూ తెలియదని అన్నారు. అవ్వను ఇంట్లో అదే పచ్చచీరలో కూర్చోబెట్టి, రజితను పిలిపించి ఇద్దరం మళ్ళీ వేసి చూశాం. గోడ గోడలాగే వచ్చింది. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను.

నేను వేసిన అవ్వ బొమ్మకు కూడా ఫ్రేము కట్టించి, సాయిలు పక్కన పెడదామని పట్టుకుపోయాను. అవ్వ నా మీద గయ్యిమంది.

"బతికున్నోళ్ళను గోడకెక్కిస్తరా ఎవలన్న? గోడ మీదిది వాని బొమ్మ. గిది నాది. నేను పోయినంక పెట్టు. వాని పక్కకే పెట్టు."

అది ఇప్పుడు బీరువాలో, నా చీరల అడుగున ఉంది. సాయిలు పక్కన గోడమీద అంత జాగా వదిలి ఉంచాను. ఆ జాగా చాలా ఏళ్ళు అలా ఖాళీగానే ఉండాలి.