అరవై నిండేలోగా చెప్పాల్సిన మాట

ఆ ఏడాది జనవరిలో ఒక పాత ప్రూఫు కాగితం వెనక ఐదు పనులు రాసుకున్నాను. జూన్ ఒకటిన నాకు అరవై నిండుతాయి. ఆలోగా ఐదూ అయిపోవాలి.

షష్టిపూర్తులను నేను జీవితమంతా ఎగతాళి చేశాను. కట్టిన తాళినే మళ్లీ కట్టి, మనవల ముందు పెళ్లిపీటల మీద కూర్చునే ముసలి పెళ్లికొడుకుల మీద నేను రాసిన వ్యాసాన్ని మా హేతువాద సంఘంలో చాలాకాలం చెప్పుకున్నారు. అలాంటి నాకు అరవై అనే అంకె ఎందుకంత బరువైందో చెప్పలేను. అంకెకు మహిమ లేదు. కాని మనిషికి గడువు కావాలి. గడువు లేకపోతే నాలాంటి మాటకారి చచ్చేదాకా మాట్లాడుతూనే ఉంటాడు, ఏదీ చేయడు.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నుంచి అప్పటికే దిగిపోయాను. మద్రాసు వ్యాసర్పాడిలో రైల్వే యార్డు వైపు కిటికీ ఉన్న ఒక మేడగది నాది. పెళ్లి చేసుకోలేదు. దానికి కారణాలు వేరు, వాటికిక్కడ చోటు లేదు. పగలంతా వ్యాగన్లు ఒకదానికొకటి తగిలించే చప్పుడు వింటూ కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం మెస్సులో అన్నం. కొన్ని రోజులు ఆ మెస్సులో వడ్డించేవాడితో అన్న “చాలు” తప్ప నా నోటి నుంచి మరో మాట వచ్చేది కాదు. ఒకప్పుడు వేదిక దొరికితే రెండు గంటలు దిగని నోరు అది.

ఐదు పనుల్లో మొదటిది, నలభై ఏళ్ల వ్యాసాలను ఏరి ఒక సంపుటిగా కూర్చడం. జిగురు, కత్తెర పెట్టుకుని ఫిబ్రవరికల్లా ముగించాను. రెండోది, తమిళం చదవడం నేర్చుకోవడం. మద్రాసులో పుట్టి, తమిళంలో తగాదాలాడి పెరిగినవాణ్ణి. అయినా బస్సుకు నంబరు చూసి ఎక్కేవాణ్ణే కాని బోర్డు చదివి కాదు. ఒకటో తరగతి వాచకం కొని మొదలుపెట్టాను. కూడబలుక్కుని నా అంతట నేను చదివిన మొట్టమొదటి తమిళ వాక్యం, గోడ మీద ‘ఇక్కడ మూత్రం పోయరాదు’ అన్నది. ఆ ఆనందం పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ఉన్న ఒక్కాయనా గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

మూడోది నశ్యం మానడం. తొమ్మిది రోజులు మానాను. అంతకు మించి రాయను. నాలుగోది సముద్రంలో తల మునిగేలా ఒక్కసారి స్నానం చేయడం. ఈ ఊళ్లో పుట్టి నేను సముద్రంలో చీలమండలు దాటి తడవలేదు. దానికి తిరువొత్తియూరు ఎంచుకున్నాను. రెండు ఆదివారాలు వెళ్లి రాళ్ల మధ్య నడుములోతు దిగి మునిగాను. మెరీనా ఉండగా అంత దూరం ఎందుకు పోయానని అడిగితే, ఐదో పని ఉన్నది ఆ ఊళ్లోనే. మా చెల్లెలి ఇల్లు ఆ ఒడ్డుకు పది నిమిషాల నడక. రెండుసార్లూ తడిబట్టల సంచీతో ఆ వీధి మొగదాకా వెళ్లి, స్టేషను వైపు తిరిగిపోయాను.

ఐదోది చెల్లెలితో ఒక మాట చెప్పడం. మిగతా నాలుగూ దాన్ని వెనక్కి నెట్టడానికే రాసుకున్నానని ఇప్పుడు అనుకుంటాను.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు మేం సౌకార్‌పేటలో ఉండేవాళ్లం. ఒక సాయంత్రం మా సంఘం మూఢనమ్మకాలను తగలబెట్టే సభ పెట్టింది. ఎవరింట్లో ఉన్న తాయెత్తులు, యంత్రాలు వాళ్లు తెచ్చి మంటలో వేయాలి. మా నాన్న బీరువాలో పసుపు మరకల గుడ్డసంచీ ఒకటుండేది. అందులో ఇంట్లో పిల్లల జాతకాలు రెండు, నాదీ చెల్లెలిదీ. సంచీ సహా పట్టుకుపోయాను. వేదిక ఎక్కి నాది పైకెత్తి చూపించి మంటలో వేశాను. చప్పట్లు కొట్టారు. రెండోది పైకెత్తి, “ఇది మా చెల్లెలిది! రేపటి నుంచి దాని బతుకు దాని చేతిలో ఉంటుంది!” అని అరిచాను. ఈసారి చప్పట్లు చాలాసేపు ఆగలేదు. ఆ చప్పట్ల కోసమే దాన్ని రెండోదిగా దాచుకున్నాను. ఆమెకు అప్పుడు పద్దెనిమిది. ఇంట్లో ఉంది. నేను అడగలేదు.

మా షావుకారు కుటుంబాల్లో సంబంధం అంటే ముందు జాతకం చేతులు మారాలి. చెల్లెలు పుట్టిన గడియ నాన్నకు గుర్తుంది కనుక కొత్తది రాయించాడు. దాంతో ఇంకా చెడింది. పాత జాతకంలో ఏదో దోషం ఉందనీ, అన్న చేత కావాలని కాల్పించి మంచిది రాయించుకున్నారనీ వీధి తేల్చేసింది. ఆలోచించి చూడండి, ఆ వాదనలో ఎక్కడా సందు లేదు. కాలిపోయిన కాగితంలో దోషం లేదని ఎవరు రుజువు చేయగలరు? పండితులతో పందెం కట్టి గెలిచినవాణ్ణి, ఆ వీధి అరుగులకు జవాబు చెప్పలేకపోయాను. వచ్చిన సంబంధం వచ్చినట్టే పోయింది. “జాతకం అడిగేవాడు నీకు తగినవాడు కాడు” అని చెల్లెలికి ఉపన్యాసం చెప్పాను. నాన్న తిరిగి తిరిగి అలిసిపోయాడు, పోయాడు. ఆమె టీచరు ట్రైనింగు చదివి, తెలుగు పిల్లల బడిలో చేరి, ఒంటరిగానే ఉండిపోయింది. తర్వాత మేం కలుసుకున్నది చావుల దగ్గరే.

మార్చిలో ఒక ఆదివారం వీధి మొగలో ఆగకుండా నడిచి తలుపు తట్టాను. తీసి, నన్ను చూసి, గడప మీదే అడిగింది.

“ఏమన్నా, ఎవురికన్నా బాగలేదా?”

“అందరూ బాగానే ఉండారు.”

“అందరూ అంటే ఎవురు? మిగిలింది మనిద్దరమే కదా.”

లోపల చాప మీద పిల్లల నోటుపుస్తకాలు పరిచి ఉన్నాయి. ఎర్ర పెన్సిలు తీసుకుని మళ్లీ దిద్దడానికి కూర్చుంది. నాకు కుర్చీ చూపించింది. నేను వాక్యాలు సిద్ధం చేసుకునే వెళ్లాను. ఉపన్యాసకుడి దురలవాటు, ఉపోద్ఘాతం లేకుండా మాట రాదు.

“జూన్‌లో నాకు అరవై నిండతాయి. ఆలోపల నీతో ఒక మాట...”

“జూన్‌లోనా? ఎవురు చెప్పినారు నీకు?” పెన్సిలు ఆపి నవ్వింది.

“సర్టిఫికెట్టులో ఉండాది.”

“పెద్ద సర్టిఫికెట్టు! నిన్ను ఇస్కూల్లో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ అది. మా బడిలో సగం మంది పిల్లోళ్లకి నేనే వేస్తా ఉండా జూన్ ఒకటి. నువ్వు పుట్టింది ఆగస్టులో వచ్చే ఆవణి నెల, హస్తా నక్షత్రం. పోయిన ఆవణికే నీకు అరవై నిండె. అమ్మ ఉన్నన్ని దినాలూ ఆ పొద్దు పాయసం చేసేది, నువ్వు ఇంట్లో లేకపోయినా. తర్వాత నేను చేస్తా ఉండా.”

“నాకెప్పుడూ చెప్పలేదే?”

“నువ్వు అడిగినావా? సరైన తేదీ ఉండింది ఒకే కాగితంలో. దాన్ని నువ్వే కాల్చేస్తివి. ఇంగ ఎవుర్ని అడుగుతావు?”

సర్కారు ముద్ర ఉన్న కాగితంలో అబద్ధం, నేను మంటలో వేసిన దాంట్లో నిజం. నక్షత్రాలు మనిషి తలరాత రాస్తాయన్న కూతను నేను ఇప్పటికీ ఒప్పుకోను. కాని ఆ కూత చుట్టూ కూర్చుని మా నాన్న ఒక బిడ్డ పుట్టిన రోజు, వేళ జాగ్రత్తగా రాయించాడు. నేను అది చూడలేదు. చదవకుండానే కాల్చాను. చదవకుండా ఖండించేవాళ్లను నేను ఎన్ని వ్యాసాల్లో తిట్టానో లెక్క లేదు.

పెట్టుకున్న గడువు ఏడు నెలల కిందటే దాటిపోయిందని తెలిశాక ఉపోద్ఘాతం అవసరం లేకపోయింది.

“నీది కాల్చే హక్కు నాకు లేదు. నిన్ను అడగలా. తప్పు చేసినా” అన్నాను.

ఆమె ఒక నోటుపుస్తకం పూర్తిగా దిద్దింది. మూసి పక్కన పెట్టింది. అప్పుడు తల ఎత్తింది.

“ఆ పొద్దు మీ మీటింగులో ఎంత మంది ఉండారు?”

“నాలుగైదు వందలు ఉంటారు.”

“నాలుగైదు వందల మంది ముందర కాల్చినావు. చప్పట్లు కొట్టించుకున్నావు. ఇప్పుడు ఈడ, ఎవురూ లేని ఇంట్లో, నా చెవిలో చెప్పి పోతావా? బాగుండాదన్నా నీ న్యాయం.”

“ఏం చెయ్యమంటావు?”

“నాకేం తెలుసు? మాట్లాడేది నీ పని కదా.” లేచి వంటింట్లోకి పోయింది. “సరి, అన్నం తిని పో. చారు ఉండాది.”

తిన్నాను. వాదాల్లో నేను చాలాసార్లు ఓడిపోయాను. ఓడానని నాకు నేను ఒప్పుకున్నది ఆ రోజు తిరుగు రైల్లో.

ఏప్రిల్‌లో మా సంఘం కార్యదర్శి నా గదికి వచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడిన మనిషి, నాకంటే పదిహేనేళ్లు చిన్న. జూన్ ఒకటిన నాకు సన్మానసభ చేయాలని పట్టు పట్టాడు.

“షష్టిపూర్తి కాదు మాస్టారూ. షష్టిపూర్తికి ప్రత్యామ్నాయం.”

“తేడా ఏమిటయ్యా?”

“దండ ఉంటది, తాళి ఉండదు.”

“ఆ తేదీ తప్పట. నాకు నిరుడే అరవై నిండాయట.”

“ఎవరన్నారు? జాతకం ప్రకారమా?” అని పకపకా నవ్వాడు.

అంతకుముందు రెండుసార్లు వద్దన్నవాణ్ణి, ఈసారి సరేనన్నాను. తేదీ, హాలు పేరు రాసి చెల్లెలికి కార్డు వేశాను. అందులో ఇంకేమీ రాయలేదు.

హాల్లో వంద కుర్చీలు వేశారు. ముప్పైమంది వచ్చారు. పాతరోజుల్లో చప్పట్లు కొట్టినవాళ్లలో చాలామంది పోయారు, కొందరు హైదరాబాదు వెళ్లిపోయారు. ఫ్యాన్లు గట్టిగా చప్పుడు చేస్తున్నాయి. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ చూశాను. చెల్లెలు రాలేదు.

దండ వేశారు. మాట్లాడమన్నారు. జాతకాలు కాల్చిన ఆనాటి సభలో జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండో కాగితాన్ని ఎందుకు రెండోదిగా ఉంచుకున్నానో కూడా చెప్పాను. ఒక మనిషిని విముక్తి చేస్తున్నానని అరిచినవాడు ఆ మనిషిని ఒక్క మాట అడగలేదనీ, దాన్ని సంస్కరణ అనుకున్నాననీ, అది పెత్తనమనీ చెప్పాను. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన, నాతోపాటు ఎన్నో సభలు తిరిగినవాడు, లేచి నిలబడ్డాడు.

“అయితే జాతకాలు మంచివేనంటారా?”

“కాదు. అప్పుడూ ఇప్పుడూ అది చెత్త కాగితమే. కాని అది ఆమె చెత్త కాగితం. చింపాలో దాచాలో తేల్చుకోవలసింది ఆమె.”

ఆయన కూర్చున్నాడు. చప్పట్లు లేవు. కార్యదర్శి వందన సమర్పణ తొందరగా ముగించి, బయట నా చెయ్యి పట్టుకుని, “ఈ ముక్క బయటికి పోతే పంచాంగాలోళ్లు పండగ చేసుకుంటారు మాస్టారూ” అన్నాడు. కోపంగా అనలేదు, బతిమాలినట్టు అన్నాడు. ఎప్పుడూ ఆటోలో నన్ను దింపిపోయేవాళ్లు ఆ రోజు వేరే పని ఉందన్నారు. దండ చేత్తో పట్టుకుని బస్సెక్కాను.

జులైలో సంఘం పత్రిక వచ్చింది. నా సన్మానం గురించి రెండు పేజీలు. నా ప్రసంగానికి ఒక వాక్యం దక్కింది: ‘తమ జీవితానుభవాలను సభికులతో పంచుకున్నారు.’ దాన్ని తీసుకుని తిరువొత్తియూరు వెళ్లాను. చెల్లెలు వేలు పెట్టి, పిల్లల చేత చదివించినట్టు, రెండు పేజీలూ అక్షరం వదలకుండా చదివింది.

“ఈడ లేదే.”

“వేసుకోలేదు.”

“నువ్వు చెప్పినావా?”

“చెప్పినా.”

“నువ్వు అబద్ధం చెప్పవు, అది తెలుసు.” పత్రిక మడిచి నా చేతికి ఇచ్చింది. “నువ్వు కాల్చినప్పుడు ఇదే పుస్తకంలో నీ ఫోటో వేసినారు కదన్నా. ‘మా చెల్లెలిది’ అని అరిచినావని కూడా రాసినారు. నాన్న దాన్ని నా కంటబడకుండా దాచిపెట్టినాడు. ఆయన పోయినాక దొరికింది.”

ఆమె కాఫీ కలపడానికి లేచింది. “చక్కెర వెయ్యొచ్చా నీకు?” అని అడిగింది. నలభై ఏళ్లలో నాకు చక్కెర జబ్బు ఉందో లేదో ఆమెకూ తెలియదు, ఆమెకు ఏ జబ్బుందో నాకూ తెలియదు.

ఆ వారమే ఇది రాయడం మొదలుపెట్టాను. సంఘం పత్రిక వేయదని తెలుసు కనుక వాళ్లకు పంపలేదు. మా పత్రిక అంటే ఎప్పుడూ పడనివాళ్లకు పంపడానికి మనసొప్పలేదు, వాళ్లు దీన్ని వేసుకునేది మా చెల్లెలి కోసం కాదు. వీళ్లూ వాళ్లూ కాని ఒక సంపాదకుడు చూస్తానన్నారు. ఒక్క షరతు పెట్టాను. జాతకాలు చెత్త అన్న మాటా తీయకూడదు, నేను చేసింది తప్పన్న మాటా తీయకూడదు. అచ్చయితే ఆదివారం రైలెక్కి ఆమెకు ఇచ్చి వస్తాను. ఆమె వేలు పెట్టి చదువుతుంది. చదివాక ఏమంటుందో నాకు తెలియదు.