మైనం మలాము

నగరిలో నేతగాళ్ల ఇంటికి కోడలినై వెళ్లేటప్పుడు మా అమ్మ నాకు చిన్న కొయ్య బరిణె ఇచ్చింది. అందులో తేనెమైనం, నువ్వుల నూనె కలిపి కాచి, చిటికెడు కర్పూరం వేసిన మలాము. యుద్ధం రోజులు. వాసన సబ్బులూ స్నోలూ మాలాంటి వాళ్లకు ఎక్కడివి? నాకు అన్నీ ఆ మలామే. పెదవులు పగిలితే అదే, మడమలకు అదే, రేగిన కనుబొమలు దువ్వుకోడానికీ అదే. కొత్త కమ్మలకు చెవి పుండైతే దాంతోనే మానింది. అందగత్తెనని నాకు కాస్త మిడిసిపాటు ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మా అత్తకు మాత్రం ఆ బరిణె కంట్లో నలుసు. "జిడ్డు సేతుల్తో నూలు ముట్టుకున్నావంటే సూడు!" అని కాపురానికి వచ్చిన రోజే చెప్పింది.

మార్గశిరం చలికి నా వేళ్లు పగిలాయి. రాట్నం మీద నేతకు నూలు కండెలు చుడుతుంటే పోగు ఆ పగుళ్లలో చిక్కుకుని పుటుక్కున తెగేది. తెగినప్పుడల్లా అత్త నా వైపు ఒక చూపు చూసేది. పడలేక ఒకనాడు పొద్దున్నే దొంగతనంగా వేళ్లకు మలాము పూసుకుని కూర్చున్నాను. ఒక్క పోగూ తెగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం మామ మగ్గం ఆపి నన్ను పిలిచాడు. నా కండెలతో నేసిన లేత పసుపు చీరలో జానెడు మేర మచ్చలు. ఎవరిదో పెళ్లి చీర అది. నూలు కంట్రోలులో ఉన్న కాలం, ఇది చెడితే ఇంకో చీరకు నూలు దొరకదు. నన్ను ఆ రోజే పుట్టింటికి పంపేస్తారనుకున్నాను.

"నేనే మామా, మలాము పూసుకున్నా" అని ఏడ్చేశాను.

మామ నవ్వాడు. "దీనికి ఏడస్తారామ్మా? పడుగు పోగులకు గంజి పెట్టినాక మనమే నూనె పూస్తా ఉండాము గదా. ఉతికితే అది పోదా? ఇదీ పోతాది."

వేడి కుంకుడు రసం తెప్పించి, మచ్చల మీద గుడ్డతో అద్దాడు. ఆరేదాకా మగ్గం దగ్గరే నిలబడ్డాను. మచ్చలు పోయాయి. అమ్మయ్య! అంత హాయి నాకు పెళ్లినాడు కూడా లేదు.

అత్త ఆ చోటును తడిమి తడిమి చూసింది. ఇక తిట్లు మొదలనుకున్నాను. "నిజంగానే పోయిందే" అంది మెల్లగా. "నూలు సెడిపోతాదని మా అత్త సెప్పింది. ముప్పై ఏండ్లు సేతులకు ఏమీ పూసుకోలేదు నేను."

అని చేతులు నా ముందు చాపింది. వేళ్లన్నీ నెర్రెలే. నేను మలాము పూస్తుంటే మంటకు కళ్లు మూసుకుంది గానీ, చేతులు వెనక్కి తీసుకోలేదు.