మార్సెల్ తాతకి నేను వేసిన దండ

నేను ఒకసారి ఒక మనిషిని చంపాను. సింగపూర్ సైన్స్ పార్క్‌లో, ఏసీ గదిలో కూర్చుని, పట్టపగలు చంపాను. కంగారు పడకండి, ఆ తర్వాత ఆయన వచ్చి నాతో చెయ్యి కలిపాడు. అసలు గొడవంతా ఆయన చెయ్యి కలపడంతోనే మొదలైంది.

వెబ్‌సైట్ లేని కంపెనీని ఇంటిపేరు లేని మనిషిని చూసినట్టు చూసే రోజులవి. తెనాలి నుంచి నేను సింగపూర్ వచ్చి ఏడాదిన్నర అయింది. మా బాస్ లిమ్ ఒక ఉదయం నా బల్ల మీద లావుపాటి కవరు పడేశాడు.

"ఫ్రెంచ్ వైన్ ఫ్యామిలీ. సొంత తోట, సొంత వైన్. ఇక్కడ అమ్ముకోవాలని వస్తున్నారు. వెబ్‌సైట్ నువ్వే చెయ్యి రావ్. బాగా వస్తే నీ పాస్ రెన్యూవల్ మీద సంతకం పెడతా లా."

"రాకపోతే?"

"ఎయిర్‌పోర్ట్‌కి టాక్సీ నేనే పిలుస్తా."

పాస్ అంటే అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే కాగితం; లా అంటే ఏమీ లేదు, అక్కడివాళ్ల ఊతపదం. నా పాస్‌కి ఇంకో నెలే గడువుంది. ఇటు చూస్తే మా నాన్న అప్పటికే తెనాలిలో సగం మందికి "మావాడు సింగపూర్‌లో పర్మనెంటు" అని చెప్పేసి ఉన్నాడు. మిగతా సగానికి చెప్పే పనిలో ఉన్నాడు.

వైన్ గురించి నాకు తెలిసింది సున్నా. మా ఇంట్లో ద్రాక్ష అంటే గింజలున్నవా, గింజలు లేనివా అన్నంతవరకే చర్చ. అయినా కవరు విప్పి కూర్చున్నాను. ఆ ఇంటి మనవరాలు క్లెయిర్ తమ చరిత్రంతా ఇంగ్లీషులో రాసి పంపింది. ఫ్రాన్స్‌కి దక్షిణాన, స్పెయిన్ సరిహద్దు దగ్గర, వట్టి రాళ్ల కొండ మీద ఎవరో పెద్దాయన మొండిపట్టుతో ద్రాక్ష నాటాడు. కొన్నాళ్లకి వేళ్లు తినే పురుగొకటి వచ్చి తోటనంతా ఎండగట్టేసింది. అమెరికా మొక్కల మొదళ్లకి తమ కొమ్మలు అంటుకట్టి మళ్లీ మొదలుపెట్టారు. యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోతే ఒక ఇల్లాలు చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని, కంచర గాడిదతో తోట దున్నించింది.

ఆ చంటిపిల్లాడే మార్సెల్. ఆయన పెద్దయ్యాక చేసిన పని చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఊళ్లో మిగతావాళ్లు వైన్‌ని చల్లటి నేలమాళిగల్లో దాచుకుంటుంటే, ఈయన తియ్యటి ఎర్ర వైన్‌ని పెద్ద పెద్ద గాజు జాడీల్లో పోసి ఏడాది పొడుగునా ఎండలో పెట్టాడట. మేడ మీద మాగాయ ముక్కలు ఎండబెట్టే ఇంట్లో పుట్టిన నాకు ఆయన ఒక్కసారిగా చుట్టమైపోయాడు.

కవరులో ఆయన ఫొటో కూడా ఉంది. నలుపు తెలుపు ఫొటో. నెత్తిన టోపీ, గుబురు మీసం, వెనక వరసగా జాడీలు. కింద క్లెయిర్ రాసింది: "ఈ తోటకి ప్రాణం పోసింది మార్సెల్. మేమంతా ఆయన చూపిన బాటలోనే నడుస్తున్నాం."

మీరే చెప్పండి. మన దగ్గర ఎవరి బాటలోనైనా నడుస్తున్నామని అచ్చు వేయించామంటే, ఆ మనిషి ఇంకా ఉన్నట్టా?

ఆంగ్ మో కియో అనే పేటలో నాతో ఫ్లాట్ పంచుకునే ఓబులరెడ్డిది కడప జిల్లా. ఫొటో చూసి అతను నిట్టూర్చాడు.

"పెద్దాయన పోయినాడా?"

"బ్లాక్ అండ్ వైట్ ఫొటో చూస్తే తెలీట్లా?"

"అట్లయితే ఉత్త ఫొటో ఏం పెడతావ్ అప్పా. దండ ఎయ్యి. కింద దీపం గూడా పెట్టు. దీపం అల్లాడాల. అల్లాడకుంటే అది దీపమే గాదు."

రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫొటోకి బంతిపూల దండ తయారుచేశాను. కింద దీపం అల్లల్లాడేట్టు చేశాను. అంతా అయ్యాక నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

లిమ్ వచ్చి చూశాడు. అతని ఇంట్లోనూ పోయిన తాత ఫొటో ముందు అగరొత్తులు వెలుగుతూనే ఉంటాయి. "బాగుంది. ఫీలింగ్ ఉంది. పాపం, ఎప్పుడు పోయాడు?" అని అడిగాడు.

"చాలా ఏళ్లయినట్టుంది" అన్నాను.

వెబ్‌సైట్ ప్రారంభానికి ఒక హోటల్ హాలు తీసుకున్నాం. సాయంత్రం నాలుగింటికి క్లెయిర్ వచ్చింది. ఆమె వెనకాల టోపీ, టోపీ కింద తెల్లటి గుబురు మీసం.

"మా తాతయ్య మార్సెల్. ఎనభై దాటాయి. విమానం ఎక్కడం ఇదే మొదలు" అంది.

ఆయన చెయ్యి చాచాడు. పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నా చెయ్యే చల్లబడింది. లిమ్ నన్ను పక్కకి లాగాడు.

"రావ్, చాలా ఏళ్లయింది అన్నావ్."

"ఇప్పుడు కాస్త తేరుకున్నట్టున్నాడు సార్."

ఆ పేజీ దాటేసి గట్టెక్కుదామనుకున్నాను. కొండ చూపించాను, పురుగు చూపించాను, రోజూ భోజనంలోకి తాగే ఎర్ర వైన్, పండగకి తీసే తియ్య వైన్ అన్నీ చూపించాను. పురుగు గురించి అంత వివరంగా చెప్పినవాడు ఆసియాలో అప్పటికి ఇంకొకడు ఉండడు.

"తాతయ్య పేజీ ఏది?" అంది క్లెయిర్.

"లోడ్ అవుతోందండీ."

ఆ రోజుల్లో ఏ పాపానికైనా ఆ ఒక్క మాట సరిపోయేది. క్లెయిర్‌కి మాత్రం సరిపోలేదు. తనే మౌస్ అందుకుని నొక్కింది. గోడంత తెర మీద మార్సెల్, మెడలో బంతిపూలు, ముందు అల్లాడుతున్న దీపం.

పెద్దాయన మొహం విప్పారింది. అవేమిటని మనవరాలి చేత అడిగించాడు.

"మా దేశంలో గొప్పవాళ్లకి వేస్తామండీ" అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు.

"మరి పక్క ఫొటోల్లో మా అబ్బాయికి లేదే? క్లెయిర్‌కి లేదే? వాళ్లకీ వెయ్యి."

"వేద్దాం తాతగారూ. తొందరేముంది."

సరిగ్గా అప్పుడే షణ్ముగం అంకుల్ వచ్చాడు. నాలుగు హోటళ్లకి వైన్ కొనే తమిళ పెద్దమనిషి. ఆ కుటుంబం అంత దూరం నుంచి వచ్చింది ఆయన ఆర్డర్ కోసమే. గుమ్మంలోనే ఆగి తెర చూశాడు. మొహం దించుకున్నాడు. నెమ్మదిగా నడిచి వచ్చి నా చేతిలో మైక్ తీసుకున్నాడు.

"నేను వైన్ కొందామని వచ్చాను. పెద్దాయన మనల్ని విడిచి వెళ్లారని నాకు తెలియదు. అందరం ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం" అన్నాడు.

పిలిచిన నలభై మందీ లేచారు. మార్సెల్ కూడా లేచాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకుని, కళ్లు మూసుకుని, అందరికన్నా శ్రద్ధగా నిలబడ్డాడు. అంత పొడుగు నిమిషం నేను జీవితంలో చూడలేదు. అది అయ్యాక ఆయన మనవరాలి చెవిలో ఏదో అన్నాడు. ఆమె నాతో అంది: "ఎవరు పోయారని అడుగుతున్నాడు."

నేను నోరు తెరిచేలోపే షణ్ముగం అంకుల్ క్లెయిర్ తల మీద చెయ్యి వేశాడు. "ఇంట్లో ఇంత జరిగితే వ్యాపారం మాట్లాడకూడదమ్మా. అన్ని కార్యాలూ అయ్యాక, వచ్చే ఏడాది చూద్దాం."

క్లెయిర్ మొహం పాలిపోయింది. మర్నాడే వాళ్ల తిరుగు ప్రయాణం. ఇక దాచితే లాభం లేదనిపించింది.

"అంకుల్, ఎవరూ పోలేదు. తెర మీద ఉన్నదీ ఈయనే, పక్కన ఉన్నదీ ఈయనే. దండ వేసింది నేను" అన్నాను.

"ఉసురుతో ఉన్న మనిషికా తంబీ?" అన్నాడాయన.

దండ అంటే ఏమిటో, దీపం అంటే ఏమిటో అందరి ముందూ చెప్పుకున్నాను. క్లెయిర్ ఫ్రెంచ్‌లో చెబుతుంటే నేను చేసిన తప్పుకన్నా అనువాదం పెద్దదిగా వినిపించింది. లిమ్ జేబులోంచి ఫోన్ తీశాడు. టాక్సీ కోసమే అనుకున్నాను.

మార్సెల్ కుర్చీలో కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించానురా దేవుడా అనుకున్నాను. దగ్గరికెళ్తే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు. నవ్వు ఆగాక అడిగాడు:

"మీ ఇంట్లో పోయినవాళ్లకి రోజూ దీపం పెడతారా?"

"మా అమ్మ పెడుతుందండీ."

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మా అమ్మ ఫొటో ఏదో సొరుగులో పడి ఉంది. తోట నిలబెట్టింది ఆవిడ. ఆ దండ ఆవిడకి వెయ్యి. ఆవిడ నిజంగానే పోయింది, నేను పక్కనే ఉన్నాను."

అంత సిగ్గు, అంత ప్రేమ ఒకేసారి నాకు ఎప్పుడూ కలగలేదు.

షణ్ముగం అంకుల్ ఎండలో మాగిన ఆ తియ్య వైన్ ఒక గుక్క తాగి, తెర వంక, మనిషి వంక మార్చి మార్చి చూశాడు. "పోయి తిరిగొచ్చిన మనిషికి లేదనకూడదు" అని ఆర్డర్ మీద సంతకం పెట్టాడు. అది చూసి లిమ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నా పాస్ బతికింది.

నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఫొటో మీది దండ తీసేస్తున్నాను. మార్సెల్ వెనకనించి నా భుజం తట్టాడు. క్లెయిర్ నవ్వాపుకుంటూ చెప్పింది: "తీసెయ్యమంటున్నాడు కానీ పారెయ్యొద్దట. జాగ్రత్తగా దాచి ఉంచమంటున్నాడు. తన మెడ కొలత నీకు ఎలాగూ తెలుసు కదా అంటున్నాడు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫొటో ఎంత పాతదైనా, మీసం ఎంత గుబురుదైనా, ఎంతమంది ఆ బాటలో నడుస్తున్నా, ముందు ఆ మనిషికి స్వయంగా ఫోన్ చేస్తాను. ఎత్తితే నమస్కారం పెడతాను. ఎత్తకపోయినా తొందరపడను, భోజనానికి వెళ్లి ఉంటాడనుకుని మళ్లీ చేస్తాను.